నడుమెత్తు

ఆటో అమ్మేసినాక షెడ్డు ఖాళీ పడింది.
పదడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు,
ఎన్ని నీళ్లు పోసినా పోని ఇంజనాయిలు మరక.
అక్కడే పని బల్ల కడతానంటే
సుంకమ్మ నవ్వింది:
"రిటైరయినోళ్లు అరుగు మింద కూకుంటారు.
నువ్వు కొత్తగా వడ్లపని నేరుస్తావా?"

కట్టె కోసం యాడికీ పోలేదు.
గుంతకల్లులో రైలు కట్టెకు కరువా.
మీటరుగేజి పీకేసినప్పుడు వేలంలో పాడిన స్లీపర్లు ఆరు
పెరటి గోడవారన
ఇన్నేండ్లూ కోళ్లకు మెట్లయి పడున్నాయి.
ఒక్కొక్కటీ ఇద్దరు పడితే గానీ లేవదు.
నేనూ ఓబులేసూ లేపినాం.
వాడిదీ మా గ్యాంగే.
అలవాటు చొప్పున "హైసా" అన్నాడు.
నా నోట్లోంచి జవాబు
నన్ను అడక్కుండానే వచ్చింది.

రెండంగుళాలు దిగినాక రంపం కీచుమంది.
నిప్పురవ్వ ఎగిరింది.
లోపల విరిగిన మేకు.
ఎవరు కొట్టింటారో దాన్ని.
నేనే అయింటానేమో,
ఏదో ఒక మే నెల మిట్టమధ్యాన్నం
తల వంకరపోయిందని తిట్టుకుంటా.
ఆ పొద్దు రెండు బ్లేడ్లు పోయినాయి.
కోసిన చోట మాత్రం కట్టె
నిన్న నరికినట్టు ఎర్రగా ఉంది.
షెడ్డంతా తారు వాసన.
సుంకమ్మ ముక్కుకు కొంగు పెట్టుకుంది.
నేను గట్టిగా పీల్చినాను.

ఎత్తు కాడ తగువు.
"ముప్పై ఇంచీలు చాల్లే" అన్నాడు ఓబులేసు.
చేతులు వేలాడేసి నిలబడి
"మణికట్టు కాడికి కొలువు" అన్నాను.
ముప్పై అయిదు.
ముప్పై నాలుగేండ్లు ఈ కట్టె కోసం వంగినాను.
కీలు బిగించేదానికి, కంకర సర్దేదానికి,
ట్రాలీ మింద ఆఫీసరు పోతాంటే
పక్కకు దిగి
నిటారుగా నిలబడి కూడా వంగినాను.
ఇప్పుడు అదే లేచి నా కాడికి రావల్ల.

సుంకమ్మకూ ఒక కొస కావల్లంట.
"నీ తారు కట్టె మింద పట్టు జాకెట్లు కత్తిరిస్తానా?"
న్యాయమే.
ఎడమ కొసన బేతంచెర్ల బండ పరిచినాం, రెండడుగులు,
చెయ్యి పెడితే చల్లగా.
కుడి కొసన వైసు.
నడుమ జాగా ఎవరికి పనుంటే వాళ్లది.
కింది అరలో స్పానర్లు, డ్రిల్లు, ఆమె ఇస్త్రీపెట్టె,
దేనికీ పనికిరాని నా ఎర్రజెండా.

"చక్రాలు పెడదామా" అన్నాడు ఓబులేసు.
వద్దన్నాను.
దీని మింద నుంచి ఎన్నెన్నో పోయినాయి.
ఇది పోలేదు.

తీరా నిలబెడితే ఊగింది.
నీళ్లు పోయేదానికని షెడ్డు నేల
వాకిలి పక్కకు వాలు.
కాళ్లు కోద్దామన్నాడు. కోయనీలేదు.
వంగేది లేదని పంతం పట్టినోణ్ణి
నేలకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి,
పట్టా వరస చూసినట్టు బల్ల వరస చూసినాను.
"వాకిలి కాడి కాలు, అర ఇంచీ."
రేకు ముక్కలు దూర్చి కొట్టినాం.
ప్యాకింగు మాకు కొత్తా?
లేస్తాంటే మోకాలు పటుక్కుమంది.
బల్ల మాత్రం కదల్లేదు.

మేకుల బొక్కలు పూడుద్దామని లప్పం కలిపినాను.
ఒక బొక్కలో ఊరికే
చీలకట్టె దూర్చి చూసినా,
బిర్రుగా కూచుంది.
ఎదురు బొక్కలో ఇంకొకటి.
రెండింటి నడుమా పలక పెట్టి చీలలు బిగిస్తే
ఓబులేసు పట్టుకోకుండానే చిత్రిక నడిచింది.
లప్పం డబ్బాలోనే గట్టిపడింది.

అన్నీ అయినాక తెలిసింది,
కొలిచింది నా మణికట్టనీ
సుంకమ్మది కాదనీ.
బండ ఆమెకు రొమ్మెత్తు వచ్చింది.
మాట్లాడలేదు. కత్తెర పట్టుకుని నన్నే చూసింది.
మిగిలిన స్లీపరు ముక్క తెచ్చి
ఆమె కాళ్ల కాడ వేసినాను.
ఎక్కింది. అటూ ఇటూ తొక్కి చూసింది.
గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీత గీసి,
తలెత్తకుండానే అంది:
"బండొస్తే చెప్పబ్బా, దిగుతా."